ఏరియా వాళ్లదట, నెట్ బిల్లు మనదట: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఇంట్లో ఇంటర్నెట్‌తో పడుతున్న ఇబ్బందులు రాయమని పోయిన సంచికలో అడిగాం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. అన్నిటి సారం దాదాపు ఒకటే: నెట్ బాగాలేదు, మారదామంటే ఇంకొకరు లేరు. అందరికీ పనికొచ్చేవి ఏరి ఇక్కడ ఇస్తున్నాం. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు కాబట్టి ఎవరివీ వేయలేదు.

ప్రశ్న: మా పాప హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తుంది. మా వీధికి ఒక్క కేబుల్ ఆయనే నెట్ ఇస్తాడు. సాయంత్రం ఏడు దాటిందంటే మీటింగులో బొమ్మ కదలదు, మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఫోన్ చేస్తే "ఉంటే ఉండండి, లేదంటే తీసేస్తా" అంటాడు. పక్క వీధిలో ఇచ్చే ఆయన్ని అడిగితే "ఆ ఏరియా నాది కాదమ్మా" అన్నాడు. పెద్ద కంపెనీల వాళ్లేమో మీ అడ్రసుకి ఫీజిబుల్ కాదు, అంటే లైను ఇవ్వడం కుదరదు అన్నారు. ఇంత ఊళ్లో మాకు ఒక్కడే దిక్కు ఎందుకయ్యాడు సార్?
— ఒక గృహిణి, కావలి

జవాబు: అమ్మా, "ఆ ఏరియా నాది కాదు" అన్నాడు చూడండి, మీ ప్రశ్నకి సగం జవాబు అదే. ఈ ఏరియాలు నెట్‌తో పుట్టినవి కావు. తొంభైల మొదట్లో మేడ మీద డిష్ పెట్టి ఇంటింటికీ టీవీ కేబుల్ లాగినప్పుడే ఊళ్లు వీధులవారీగా పంపకమైపోయాయి. 1995లో కేబుల్ టీవీ చట్టం వచ్చింది, ఆపరేటర్లు హెడ్ పోస్టాఫీసులో రిజిస్టర్ చేయించుకోవడం మొదలైంది, కానీ ఆ కాగితం ఎవరికీ ఏ వీధినీ రాసివ్వలేదు. రాసివ్వకపోయినా ఎవరి వీధి వాళ్లదే అన్న కట్టుబాటు గట్టిపడిపోయింది, ఏరియాలు అమ్ముకున్నారు, కొనుక్కున్నారు. తర్వాత అదే స్తంభాల మీద పాత కేబుల్ పక్కనే సన్నటి ఫైబర్ వచ్చి చేరింది. మనిషి మారలేదు, ఏరియా మారలేదు.

చట్టం దీన్ని ఒప్పుకోదు. 2002 నాటి కాంపిటీషన్ చట్టం మూడో సెక్షన్ ప్రకారం ఒకే వ్యాపారం చేసే ఇద్దరు ఇది నీ ఏరియా, ఇది నా ఏరియా అని ఒప్పందం చేసుకుంటే అది పోటీని దెబ్బతీసేదిగానే లెక్క. నాలుగో సెక్షన్ వేరే సంగతి చెబుతుంది: ఒక్కడే ఉండటం తప్పు కాదు, ఒక్కడినే ఉన్నాను కదా అని జనాన్ని పీడించడం తప్పు. అయితే నిజం దాచకుండా చెప్పాలి. ఆ ఇద్దరి మధ్య ఒప్పందం ఉందని చూపించాలి, ఒకరి వీధిలోకి ఒకరు రాకపోవడం ఒక్కటే సాక్ష్యంగా నిలవదు. పైగా 2018లో సుప్రీంకోర్టు, టెలికాం వ్యవహారాల్లో సాంకేతిక విషయాలను ముందు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తేల్చాకే, ఈ పోటీ చట్టాన్ని అమలు చేసే కాంపిటీషన్ కమిషన్ చూడాలని చెప్పింది. ఒక వీధి కోసం ఒక ఇల్లాలు ఢిల్లీ దాకా పోరాడాలంటే అయ్యే పని కాదు, అది తెలిసే వీళ్లంత ధీమాగా ఉంటారు.

పెద్ద కంపెనీల "ఫీజిబుల్ కాదు" అన్న మాటకి కారణం వేరు. మీ వీధిలో నలభై ఇళ్లున్నాయనుకోండి, ముప్పై ఇళ్లు ఇప్పటికే ఒకాయన దగ్గరుంటే, రెండోవాడు స్తంభాలకి అనుమతి తెచ్చుకుని వైరు లాగి మిగిలిన పది ఇళ్ల కోసం ఎదురుచూడాలి. వాళ్ల లెక్కలో మీ ఒక్క ఫోన్ కాల్‌కి బరువు లేదు. అదే పదిహేను ఇళ్ల వాళ్లు కలిసి, అడ్రసులు ఫోన్ నంబర్లతో ఒక కాగితం రాసి, ఊళ్లో వాళ్ల సేల్స్ మనిషి చేతికిస్తే వాడు పైవాళ్లని అడుగుతాడు, ఎందుకంటే అది వాడి టార్గెట్. కావలి బీఎస్ఎన్ఎల్ ఆఫీసులో కూడా ఇవ్వండి. అక్కడ ఒక్క జాగ్రత్త: బీఎస్ఎన్ఎల్ ఫైబర్‌ని కూడా చాలాచోట్ల ఊళ్లోని భాగస్వాములే లాగుతారు. ఆ భాగస్వామి మీ కేబుల్ ఆయనే అయితే బిల్లు మీద పేరు మారుతుంది గానీ స్తంభం ఎక్కే మనిషి మారడు. డబ్బు కట్టకముందే "లైను ఎవరు లాగుతారు, రిపేరుకి ఎవరొస్తారు" అని అడిగి తెలుసుకోండి.

పాప ఉద్యోగం నెట్ మీదే నడుస్తోంది కాబట్టి అంతవరకూ 5జీ ఫోన్ ఒకటి హాట్‌స్పాట్‌కి సిద్ధంగా ఉంచండి. ఖర్చే, కాదనను. ఇంకొకరు లేనందుకు మీ వీధి వాళ్లు కడుతున్న ఖర్చుల్లో అదీ ఒకటి.

ప్రశ్న: వంద ఎంబీపీఎస్ ప్లాన్ అని డబ్బు తీసుకున్నారు. ఫైలు డౌన్‌లోడ్ పెడితే పన్నెండు దాటి చూపించదు. రాత్రి తొమ్మిదికైతే రెండు మూడే. ఇది మోసం కాదా?
— ఒక డిగ్రీ విద్యార్థి, ఒంగోలు

జవాబు: పన్నెండు చూపించడం మోసం కాదు బాబూ. ప్లాన్‌లో చెప్పే ఎంబీపీఎస్ అంటే సెకనుకి ఇన్ని మెగాబిట్లు అని, డౌన్‌లోడ్ చూపించేది మెగాబైట్లలో, ఎనిమిది బిట్లు ఒక బైటు. వందని ఎనిమిదితో భాగిస్తే పన్నెండున్నర. పగలు నీకు రావలసింది వస్తోంది.

రాత్రి పడిపోవడమే అసలు సమస్య. మీ ఆపరేటర్ గదిలో ఇళ్లకి ఫైబర్ మీద నెట్ పంపే ఓఎల్‌టీ అనే పెట్టె ఉంటుంది, దాని నుంచి బయల్దేరిన ఒక ఫైబర్‌ని స్ప్లిటర్లతో ముప్పై రెండు ఇళ్లకో అరవై నాలుగు ఇళ్లకో చీలుస్తారు. ఆ ఒక్క ఫైబర్‌లో సెకనుకి సుమారు 2.5 గిగాబిట్లు, అంటే 2,500 మెగాబిట్లు వస్తాయి, ఇళ్లన్నీ ఒకేసారి గుంజవు కాబట్టి మామూలుగా అది సరిపోతుంది. ఇరుకు వచ్చేది అంతకన్నా పైన. ఆపరేటర్ తన పెట్టె దాకా ఎంత బ్యాండ్‌విడ్త్, అంటే ఒకేసారి ఎంత నెట్ మోయగల సామర్థ్యం, కొన్నాడు అన్నది అసలు ప్రశ్న, అది నెలనెలా డబ్బు పెట్టి కొనాలి, కనెక్షన్లు రెట్టింపైనా కొనడం పెంచకపోతే అందరూ ఇంటికి చేరే టైముకి అందరికీ గొంతు పట్టేస్తుంది. పది ఇళ్లు పక్కవాడి దగ్గరికి పోతాయన్న టెన్షన్ ఉన్నవాడు కొంటాడు. ఎవరూ ఎక్కడికీ పోరని తెలిసినవాడు ఎందుకు కొంటాడు?

నువ్వు చేయాల్సింది, వైఫై మీద కాకుండా ల్యాన్ వైరుతో ల్యాప్‌టాప్‌ని నేరుగా ఇంట్లోని రౌటర్‌కి కలిపి ఒక వారం పాటు పొద్దున్నే ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి స్పీడ్ టెస్ట్ చేసి స్క్రీన్‌షాట్లు దాచడం. పొద్దున నిండుగా ఉండి రాత్రి పడిపోతే పైన బ్యాండ్‌విడ్త్ చాలడం లేదని అర్థం. రెండు పూటలా తక్కువే ఉంటే మీ ఇంటి లైనులో జాయింటో, రౌటరో చూడాలి. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో, బ్రాడ్‌బ్యాండ్ అని పిలవడానికి ప్రభుత్వం పెట్టిన కనీస వేగం 2023 దాకా 512 కేబీపీఎస్, అంటే సుమారు అర ఎంబీపీఎస్, ఇప్పుడు రెండు ఎంబీపీఎస్. నీకు రాత్రి వస్తున్న రెండు మూడు కూడా ఆ లెక్కలో బ్రాడ్‌బ్యాండే. కనీస వేగం రూలు చూపించి కొట్లాడితే లాభం లేదు, నువ్వు కొన్న ప్లాన్‌కీ వచ్చే వేగానికీ ఉన్న తేడా మీద కొట్లాడాలి.

ప్రశ్న: పేపర్లలో ఎప్పుడూ మమ్మల్నే తిడతారు. తుఫాను పడితే రాత్రిపూట స్తంభం ఎక్కేది మేమే. రొయ్యల లారీ తగిలి వైరు తెగితే ఆ రోజు అన్నం కూడా ఉండదు. వసూలైన దాంట్లో లైసెన్సు ఉన్న పైకంపెనీ వాటా పోవాలి, స్తంభాలకి అద్దె కట్టాలి, కుర్రాళ్లకి జీతాలివ్వాలి. ఉన్న వీధిలోకే ఇంకొకడు వస్తే ఇద్దరం మునుగుతాం. అప్పుడు మీకు నెట్ ఎవరిస్తారు?
— ఒక కేబుల్ ఆపరేటర్, సింగరాయకొండ

జవాబు: అన్నా, మీ ఉత్తరం మొత్తం వేయాలనిపించింది, చోటు లేక కుదించాం. మీ కష్టం అబద్ధం కాదు. హైవే పక్కన తెగిన ఫైబర్‌ని అతికించడం దగ్గరుండి చూశాను. వెంట్రుక మందం గాజుపోగు, పైన రంగు పొర గీకాలి, స్పిరిట్‌తో తుడవాలి, కోత అద్దంలా రావాలి, రెండు కొసల్నీ మెషీన్లో పెడితే చిన్న మెరుపుతో కలిసిపోతాయి, మీద స్లీవ్ తొడిగి వేడి చేయాలి. ఒక పోగుకే అంత పని. గాలికి దుమ్ము ఎగిరితే మళ్లీ మొదటికి. పైన లారీలు, కింద చీకటి, ఫోన్ మోగుతూనే ఉంటుంది. నవంబరు, డిసెంబరుల్లో ఈశాన్య రుతుపవనాలకి మన తీరంలో ఎన్ని చోట్ల తెగుతాయో మీకు తెలిసినంత ఎవరికీ తెలియదు. 2023 డిసెంబరు మిచౌంగ్ తుఫానుకి నెల్లూరు నుంచి బాపట్ల దాకా జనం పడ్డ పాట్లు అందరం చూశాం.

అయినా మీ చివరి మాట ఒప్పుకోలేను. ఒకే వీధిలో ఇద్దరు రెండు వైర్లు లాగితే ఇద్దరూ మునుగుతారన్న మాట నిజమే. దానికి మందు ఒక్కడినే ఉంచడం అని మీరు అంటున్నారు. వైరు ఒకటే ఉండి, దాని మీద అమ్మేవాళ్లు పదిమంది ఉండొచ్చు కదా అని నేనంటున్నాను. రోడ్డు ఒకటే, దాని మీద ఆర్టీసీ బస్సూ తిరుగుతుంది, ప్రైవేటు బస్సూ తిరుగుతుంది, బస్సు కొన్న ప్రతివాడూ సొంత రోడ్డు వేసుకోవాలని ఎవరూ అనరు.

ఇది కలలో మాట కాదు. బ్రిటన్‌లో బీటీ కంపెనీ లైన్ల నిర్వహణని 2006లో ఓపెన్‌రీచ్ అని వేరు చేశారు, అదే లైను మీద రకరకాల కంపెనీలు కనెక్షన్లు అమ్ముతాయి, నచ్చకపోతే జనం కంపెనీ మారతారు గానీ గోడకి కొత్త రంధ్రం పడదు. మన దగ్గర కూడా ట్రాయ్ 2004లో ఈ మాటే చెప్పింది. బీఎస్ఎన్ఎల్‌కి ఇంటింటికీ ఉన్న రాగి టెలిఫోన్ లైన్లని వేరే కంపెనీలు అద్దెకి వాడుకునేలా తెరవమని సిఫారసు చేసింది. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన బ్రాడ్‌బ్యాండ్ పాలసీ దాన్ని తప్పనిసరి చేయలేదు, అంతటితో ఆ కథ ఆగిపోయింది. అప్పుడే తెరిచి ఉంటే ఫైబర్ వచ్చే నాటికి పంచుకోవడం అలవాటై ఉండేది. ఇరవై ఏళ్లు దాటినా దేశం మొత్తంలో వైరు మీద బ్రాడ్‌బ్యాండ్ ఉన్న కనెక్షన్లు నాలుగైదు కోట్ల దగ్గరే ఉన్నాయంటే, ఆ నిర్ణయం ఖరీదు ఎంతో ఆలోచించండి.

లైను పంచుకునే పద్ధతి వస్తే మొదట బాగుపడేది మీరే అన్నా. లైను బాగోగులు చూసినందుకు ప్రతి కనెక్షన్ మీద అద్దె వస్తుంది, అమ్మేది ఎవరైనా సరే. స్తంభం ఎక్కే మనిషికి విలువ కట్టే పద్ధతి అది. ఇప్పుడు పైకంపెనీ వాటా తీసుకుంటుంది, కోపం మీ మీద పడుతుంది. కస్టమర్‌తో "లేదంటే తీసేస్తా" అనే ఆపరేటర్లని మాత్రం నేను వెనకేసుకురాను. కావలి అమ్మ రాసింది పైన చదివే ఉంటారు, మీరు ఆ రకం కాదని మీ ఉత్తరమే చెబుతోంది.

ప్రశ్న: మా అబ్బాయి దగ్గర ఆరు నెలలు అమెరికాలో ఉండి వచ్చాను. అంత దేశంలోనూ వాళ్ల వీధికి ఒకటే కేబుల్ కంపెనీ అట, రేటు వింటే గుండె ఆగింది. అక్కడే అలా ఉంటే మనకి బాగుపడే ఆశ ఉందా?
— విశ్రాంత ప్రధానోపాధ్యాయులు, హరనాథపురం, నెల్లూరు

జవాబు: మాస్టారూ, అక్కడి జబ్బు మన జబ్బు ఒకటే. కేబుల్ టీవీ రోజుల్లో ఊరికో కంపెనీ పాతుకుపోయింది, నెట్ వచ్చాక అదే కొనసాగింది. 2014లో కామ్‌కాస్ట్ అనే పెద్ద కేబుల్ కంపెనీ టైమ్ వార్నర్ కేబుల్‌ని కొనబోయినప్పుడు, మా ఇద్దరి ఏరియాలు వేరు కాబట్టి మేం కలిస్తే పోటీ తగ్గేదేమీ లేదని వాదించింది. ప్రభుత్వం నుంచి వ్యతిరేకత రావడంతో 2015 ఏప్రిల్లో ఆ బేరం వదులుకున్నారు. ఇద్దరి మధ్యా పోటీ లేదన్నదే కలిసిపోవడానికి కారణంగా చూపించారంటే, ఏరియాల పంపకం ఎంత లోతుకి పోయిందో తెలుస్తుంది.

ఆశ కూడా అక్కడే ఉంది. టెనెసీ రాష్ట్రంలో చట్టనూగా అనే ఊరుంది, అక్కడ ఊరి కరెంటు సంస్థే తన స్తంభాల మీద ఫైబర్ వేసి 2010లోనే ఇళ్లకి ఒక గిగాబిట్ నెట్ ఇచ్చింది. మన రాష్ట్రంలో కూడా ఇంచుమించు ఆ ఆలోచనతోనే ఏపీ ఫైబర్‌నెట్ వచ్చింది. 2015లో సంస్థ పెట్టారు, కరెంటు స్తంభాల మీద వేల కిలోమీటర్ల ఫైబర్ లాగారు, 2017 డిసెంబరులో రాష్ట్రపతి ప్రారంభించారు, నెలకి 149 రూపాయలకి నెట్, టీవీ, ఫోన్ అన్నారు. దేశంలో అలాంటి ధర అప్పుడు ఎవరూ ఊహించలేదు. కానీ చివరి అర కిలోమీటరు, అంటే స్తంభం నుంచి మన ఇంటి దాకా, మళ్లీ ఆ ఊరి కేబుల్ ఆపరేటర్ చేతికే ఇచ్చారు. ప్రజల డబ్బుతో పెద్ద దారి వేసి, వీధి మొదట్లో గేటు తాళం మాత్రం పాత ఆయన దగ్గరే ఉంచారు. ఆ అర కిలోమీటరు కూడా ఎవరికైనా ఒకే అద్దెకి ఇచ్చేలా రూలు పెట్టి ఉంటే, ఇవాళ ఈ పేజీకి ఇన్ని ఉత్తరాలు వచ్చేవి కావు. ఇప్పుడైనా పెట్టొచ్చు. మన ఎమ్మెల్యేలని అడగాల్సింది ఆ ఒక్క రూలు గురించి.

ప్రశ్న: మాగుంట లేఅవుట్లో మా అపార్ట్‌మెంటు కమిటీ ఒక్క కంపెనీతో మాట్లాడుకుని వేరేవాళ్లని గేటు దాటనివ్వడం లేదు. వాళ్లకి ఆ హక్కు ఉందా?
— ఒక ఫ్లాటు యజమాని, నెల్లూరు

జవాబు: జనరల్ బాడీలో తీర్మానం లేకుండా కమిటీలో నలుగురు చేసుకున్న ఒప్పందమైతే ముందు ఆ కాగితం చూపించమని రాతపూర్వకంగా అడగండి. కామన్ ఏరియా అందరిదీ, దాని గుండా ఎవరి వైరు పోవాలో అందరూ కూర్చుని తేల్చుకోవాలి. ఆ కంపెనీ కమిటీకి ఏమైనా ముట్టజెబితే అది సంఘం ఖాతాలో పడిందో లేదో కూడా అడగండి, మొహమాటపడొద్దు. భవనాల్లో నెట్ సౌకర్యాన్ని బట్టి రేటింగ్ ఇచ్చే నిబంధనలు ట్రాయ్ 2024లో తెచ్చింది, రేపు ఫ్లాటు అమ్మేటప్పుడు అది మీ ధరకీ పనికొచ్చే సంగతి అని చెబితే వినేవాళ్లు ఉంటారు. కొత్తగా కట్టే వాళ్లకి నా మాట: పైపుల్లో ఇద్దరు ముగ్గురి వైర్లు పట్టే జాగా ముందే వదిలిపెట్టండి.

ప్రశ్న: మాది ఉదయగిరి దగ్గర పల్లె. ఒక్క ఫైబర్ లైనే ఉంది, గాలివానకి తెగితే రోజులు పడుతుంది. వైరు లేకుండా 5జీతో ఇంటికి నెట్ ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా?
— ఒక రైతు

జవాబు: తీసుకోవచ్చు, చూసి తీసుకోండి. జియో, ఎయిర్‌టెల్ రెండూ 2023 నుంచి ఈ పద్ధతిలో ఇస్తున్నాయి, మిద్దె మీద ఒక రిసీవర్ బిగించి కిందికి వైరు దించుతారు. మీ దగ్గర కొండలు అడ్డం కాబట్టి టవర్ ఎటు ఉందో, మిద్దె మీద అదే కంపెనీ 5జీ సిమ్‌తో ఎంత వేగం వస్తుందో రెండు పూటలా చూడండి. ఫోన్‌కే రానిది ఆ రిసీవర్‌కీ పెద్దగా రాదు. ఆరు నెలల ప్లాన్ అంటే ఇన్‌స్టలేషన్ ఫ్రీ అంటారు, ఆశపడకుండా వీలైతే నెల ప్లాన్‌తో మొదలుపెట్టండి. రేటు చెప్పేటప్పుడు 18 శాతం జీఎస్టీ కలిపారో లేదో అడగండి.

ఇంకో సంగతి. ఈ వైరు లేని నెట్ వచ్చాక కొన్ని ఊళ్లలో పాత ఆపరేటర్ల మాట తీరు మెత్తబడిందని మాకు ఉత్తరాలు వచ్చాయి. మీరు మారకపోయినా, మారగలరని వాళ్లకి తెలిస్తే చాలు. అలాగని అన్నీ జియో, ఎయిర్‌టెల్ చేతుల్లోనే పడితే మళ్లీ పాత కథే. 2024 జులైలో ప్రైవేటు మొబైల్ కంపెనీలు మూడూ కొద్ది రోజుల తేడాతో రేట్లు పెంచినప్పుడు మనం చేయగలిగింది ఏమీ లేకపోయింది.

ప్రశ్న: ఏడాదికి ముందే కడితే తగ్గింపు అంటే ఆపరేటర్‌కి ఫోన్‌పేలో పంపాను. నాలుగు నెలలకే నెట్ ఆగిపోయింది. ఫోన్ ఎత్తడం లేదు. రసీదు ఇవ్వలేదు. ఎవరికి చెప్పుకోవాలి?
— ఒక టైలర్, బుచ్చిరెడ్డిపాళెం

జవాబు: ముందుగా మీ కనెక్షన్ ఏ కంపెనీ పేరు మీద ఉందో చూడండి, కనెక్షన్ ఇచ్చినప్పుడు వచ్చిన మెసేజ్‌లో గానీ లాగిన్ పేజీలో గానీ ఉంటుంది. ఊళ్లో ఆపరేటర్ చాలాసార్లు ఫ్రాంచైజీ మాత్రమే, లైసెన్సు పైకంపెనీది. కాబట్టి ఫిర్యాదు వాళ్ల కస్టమర్ కేర్‌కి పెట్టి డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబర్) తీసుకోండి. తేలకపోతే ఆ కంపెనీలో పై ఫిర్యాదులు చూసే అప్పిలేట్ అథారిటీకి రాయొచ్చు, పెద్ద కంపెనీలకి ఈ రెండంచెల పద్ధతి ట్రాయ్ పెట్టిన నిబంధన. దాంతో పాటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

అప్పటికీ కదలకపోతే నెల్లూరులో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. టెలికాం కేసులు అక్కడ చెల్లవని కంపెనీ వాళ్లు బెదిరిస్తే వినొద్దు, చెల్లుతాయని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మీరు కట్టిన సొమ్ము అయిదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయరు లేకుండా మీరే వేసుకోవచ్చు. ఆపరేటర్‌నీ, పైకంపెనీనీ ఇద్దర్నీ ప్రతివాదులుగా చేర్చండి, ఒకరి మీద ఒకరు తోసుకోకుండా ఉంటారు. రసీదు లేదని దిగులు పడకండి, ఫోన్‌పేలో డబ్బు వెళ్లిన తేదీ, వెళ్లిన ఖాతా ఉంటాయి. ఆ పేజీతో పాటు అతనికి పెట్టిన వాట్సాప్ మెసేజ్‌లు, చేసిన కాల్స్ స్క్రీన్‌షాట్లు ప్రింటు తీయించి, ఫోన్ మార్చకముందే ఒక ఫైల్లో పెట్టుకోండి.